నాలుగో స్ట్రెచర్

దళంలో అందరూ ఆయన్ని 'నిదానం' అనేవాళ్లు. హెలికాప్టర్ గాలికి ఎంత ఊగిపోతున్నా, కింద నుంచి తూటాలు వస్తున్నా ఆయన నోట వచ్చే మాట అదొక్కటే. "నిదానం... నిదానం..." యుద్ధంలో దెబ్బతిన్నవాళ్లని ఎత్తుకొచ్చి ఆసుపత్రిలో దించడం ఆయన పని. పన్నెండేళ్లు అదే చేశాడు.

పక్క సీట్లో కో-పైలట్ ఎనిమిదేళ్లుగా ఒకడే. మొదటి నాలుగేళ్లు స్నేహితుడు, తర్వాత బావ. నిదానం చెల్లెలికి కళ్లద్దాల షాపుంది. సెలవుల్లో స్నేహితుడి ఇంటికొచ్చిన కో-పైలట్, తలనొప్పి వస్తోందని ఆ షాపుకెళ్లి కళ్లు పరీక్ష చేయించుకున్నాడు. రెండు రోజులకి మళ్లీ వెళ్లాడు. మూడోసారి వెళ్తే ఆమె అడిగేసింది. "మీ చూపు గద్ద చూపులా ఉంది. మళ్లీ ఎందుకొచ్చినట్టు?" ఆ ఏడాదే వాళ్ల పెళ్లయింది.

అప్పట్నించీ హెడ్‌సెట్‌లో ఇద్దరూ ఒకరినొకరు "బావా" అనే పిలుచుకునేవాళ్లు. వెనక కూర్చునే నర్సు తల పట్టుకునేది. "ఏ బావ ఏ బావతో మాట్లాడుతున్నాడో తెలియక చస్తున్నాను. నంబర్లన్నా వేసుకోండి!"

ఒకరోజు పొద్దున్న పదకొండింటికి కోత కోసిన మొక్కజొన్న చేలో దిగారు. ఎత్తుకోవాల్సింది నలుగుర్ని. ముగ్గుర్ని ఎక్కించారు. నాలుగో స్ట్రెచర్ ఇంకా చెట్ల దగ్గరే ఉంది. దాన్ని మోస్తున్న ఇద్దరూ మోడుల మధ్య తడబడుతూ వస్తున్నారు. నేల మీద మూడు నిమిషాలకి మించి ఉండకూడదని నియమం.

"టైమైంది బావా," అన్నాడు కో-పైలట్.

"కనిపిస్తున్నారుగా. నిదానం. ఇంకొక్క నిమిషం."

స్ట్రెచర్ లోపలికొచ్చింది. తలుపు మూస్తుండగా చెట్ల వెనక నుంచి ఒక డ్రోన్ వచ్చింది. పెద్దదేం కాదు, రెండు చేతుల్లో పట్టేంత. వచ్చి నేరుగా కో-పైలట్ వైపు అద్దానికి కొట్టుకుంది.

కో-పైలట్ అక్కడికక్కడే పోయాడు. వెనక ఉన్న నలుగురూ, నర్సూ బతికారు. నిదానానికి ఎడమ చెవి పోయింది, మెడ ఎముక చిట్లింది.

ఐదో రోజున చెల్లెలు ఆసుపత్రికొచ్చింది. మంచం పక్కన స్టూలుంటే దాని మీద కూర్చోలేదు.

"ఎవరు ఆగమన్నారు?"

"నేనే."

"ఆయనేమన్నాడు?"

అబద్ధం చెబితే ఆమెకి తెలిసేది కాదు. "టైమైందన్నాడు," అన్నాడు.

"నిదానం అని పేరు పెట్టుకున్నారుగా," అని బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది. పుట్టి బుద్ధెరిగాక చెల్లెలు తనని 'మీరు' అనడం అదే మొదలు. ఆ తర్వాత రెండేళ్లు మాటల్లేవు. కుశలాలన్నీ అమ్మ ద్వారానే. అమ్మ కూడా ఫోన్లో గొంతు తగ్గించి, "బాగానే ఉందిరా, తింటోంది," అని చెప్పి పెట్టేసేది.

మెడికల్ బోర్డు ఇక ఎగరకూడదని తేల్చేసింది. కల్నల్ స్వయంగా కబురు మోసుకొచ్చాడు. "డ్రోన్లని పడగొట్టడానికి కొత్త విభాగం పెడుతున్నాం. నువ్వు రా."

"నేను పైలట్‌ని సార్."

"అందుకే పిలుస్తున్నా. గుట్టల చాటున, చెట్ల చాటున దాక్కుంటూ ఎగరడం నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? అవీ అలాగే వస్తున్నాయి."

నిదానం ఒప్పుకున్నాడు. దేశం కోసమో, పగ కోసమో అని చెప్పుకుంటే బాగుండేది. అసలు సంగతి, ఇంటికి వెళ్లడానికి ఆయనకి మొహం చెల్లలేదు.

ఆర్నెల్లు శిక్షణ. పక్క బెంచీల్లో ఇరవై రెండేళ్ల పిల్లలు. రేడియో తరంగాల లెక్కలు ఒక పట్టాన బుర్రకెక్కలేదు. మొదటి పరీక్ష తప్పాడు. హెలికాప్టర్ని కొనవేళ్లతో తిప్పిన మనిషి, మౌస్‌ని మాత్రం బండరాయిని తోసినట్టు తోసేవాడు. రెండోసారి గట్టెక్కాడు.

పని చేసే గది ఒకప్పుడు ఏదో కాలేజీ ప్రయోగశాల. కిటికీలు ఇటుకలతో మూసేశారు. ప్రతి బల్లకీ చిన్న సింకు, వంపు తిరిగిన కుళాయి ఇంకా అలాగే ఉన్నాయి. వాటి మధ్యే స్క్రీన్లు పెట్టారు. డ్రోన్ సంకేతం పట్టుకోవడం, అది ఎటు వెళ్తోందో కనిపెట్టడం, జామర్‌తో దానికీ దాన్ని నడిపేవాడికీ లంకె తెంపడం, ఇదీ పని. నిదానం మ్యాపు మీద వేలు పెట్టి, "ఇటు రాదు. నేనైతే ఈ వాగు వెంట వస్తా," అనేవాడు. అది వాగు వెంటే వచ్చేది. ఒక్కో రోజు పద్నాలుగు దాకా పడగొట్టేవాళ్లు. కుర్రాళ్లు చప్పట్లు కొట్టేవాళ్లు. ఆయన మాత్రం లేచెళ్లి కుళాయి తిప్పి మొహం కడుక్కునేవాడు.

రెండో ఏడాది ఒక మధ్యాహ్నం. చెరువు గట్టు పక్కన ఒక హెలికాప్టర్ దిగి ఉంది. నడిపేది ఆయన దగ్గర ఎగరడం నేర్చుకున్న అమ్మాయే. బక్కగా, చురుగ్గా ఉంటుందని అందరూ పిచ్చుక అంటారు. ఇద్దరు గాయపడ్డవాళ్లని ఎక్కించింది. మూడోవాడు రావాలి.

పొలాల్లో పాతిన మైకుల్లో సన్నగా ఒక రొద వినిపించింది. నిదానం మంచి చెవికి హెడ్‌ఫోను అదిమి పట్టుకున్నాడు. సంకేతం ఏమీ లేదు. రేడియో లేకుండా, వెనక లాక్కుంటూ వచ్చే సన్నని తీగతోనే నడిచే రకం అది. జామర్ దాన్నేం చెయ్యలేదు. టైముంది మహా అయితే నిమిషన్నర.

"పిచ్చుకా, లే."

"ఇంకొకరున్నారు సార్. కనిపిస్తున్నాడు. ఒక్క నిమిషం."

గదిలో అందరి చూపూ ఆయన మీదే. సింకు అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"లే. ఇప్పుడే. ఇది ఆర్డర్."

పిచ్చుక లేచింది. నలభై సెకన్ల తర్వాత డ్రోన్ వచ్చి, హెలికాప్టర్ నిలబడ్డ చోటే పేలింది. స్ట్రెచర్ మోసేవాళ్లు కాలవలో పడుకుని తప్పించుకున్నారు. కానీ ఇంకో హెలికాప్టర్ అక్కడికి చేరడానికి గంట పట్టింది. అప్పటికి ఆ మూడోవాడు పోయి చాలాసేపైంది. రక్తం ఆగలేదు.

సాయంత్రం పిచ్చుక ఆ గదికొచ్చి హెల్మెట్ బల్ల మీద పెట్టింది.

"వాడు నాకు చెయ్యి ఊపాడు సార్. పడుకునే ఊపాడు. ఆగుతాననుకున్నాడు."

"నన్ను తిట్టు," అన్నాడు నిదానం.

"తిట్టే వీలు కూడా లేదుగా. మీరు చేసింది కరెక్టే. అదే నా ఏడుపు."

ఆ వారమే ఆయన సెలవు పెట్టి చెల్లెలి షాపుకెళ్లాడు. ఆమె ఒక ముసలాయనకి కళ్లజోడు చెవుల మీద సరిచేస్తోంది. అన్నని చూసి, కొనడానికొచ్చిన మనిషికి చెప్పినట్టే, "కూర్చోండి," అంది.

ముసలాయన వెళ్లాక నిదానం జరిగిందంతా చెప్పాడు. ఆమె ఒక అద్దాన్ని గుడ్డతో తుడుస్తూనే వింది. అది ఎప్పుడో శుభ్రమైపోయింది.

"వాడికెవరున్నారు?"

"ఒక అక్క ఉందట. ఆర్డర్ ఇచ్చింది నేనేనని ఉత్తరం రాశా."

"జవాబొచ్చిందా?"

"రాలేదు."

"రాదు." అద్దం కింద పెట్టింది. "ఆ నాలుగోవాడు ఇక్కడికొచ్చాడు, తెలుసా? పోయినేడు. చేతికర్రతో వచ్చాడు. గుమ్మంలో నిలబడి దండం పెట్టాడు. వాడి మొహం మీదే షట్టర్ దించేశాను."

ఆమె గుడ్డ మడిచి పక్కన పెట్టింది.

"నువ్వు ఆ రోజు టైముకి లేచొచ్చేసి, వాడు ఆ చేలో పోయుంటే, నేను ఒక్క పూట కూడా తిండి మానేదాన్ని కాదన్నయ్యా. వాడెవడో, ఏమైపోయాడో అని అడిగేదాన్ని కూడా కాదు. అంత పాపిష్టిదాన్ని. రెండేళ్లుగా నా మీద నాకున్న అసహ్యం కూడా నీ నెత్తినే వేసి కూర్చున్నా."

"వెయ్యి. మోస్తాను."

"ఎన్నని మోస్తావు?" అంది. అన్న భుజం మీద తల ఆనించబోయి, నొప్పికి ఇంకా కట్టుకుంటున్న మెడపట్టీ చూసి ఆగిపోయింది. బల్ల మీదే తల వాల్చి ఏడ్చింది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. బయట ఎవరో అద్దం తలుపు తట్టి, కాసేపు చూసి వెళ్లిపోయారు.

మొహం తుడుచుకుని ఆమె కాగితం ముందుకు తోసింది. "ఆ అక్క అడ్రస్ రాసివ్వు."

"ఏం రాస్తావు?"

"తెలీదు. మా అన్నని తిట్టుకో, ఎన్నాళ్లైనా తిట్టుకో అని రాస్తా. ఇంకేం రాయాలో కూర్చుంటే తోస్తుంది."

"నాతో మాట్లాడతావా మరి?"

"మాట్లాడతాను. కానీ ఆయన గురించి మాత్రం ఎత్తకు. ఇంకా నావల్ల కాదు."

సోమవారం నిదానం డ్యూటీకి వెళ్లిపోయాడు. నెల తర్వాత చెల్లెలు ఫోన్ చేసింది. ఆ అక్క దగ్గర్నుంచి నాలుగు పేజీల జవాబొచ్చిందట.

"ఏం రాసింది?"

"నీకు రాయలేదన్నయ్యా," అంది మెల్లగా. "నాకు రాసింది."

ఆయన సరేనన్నాడు. ఆ తర్వాత చాలాసేపు ఇద్దరిలో ఎవరూ ఫోన్ పెట్టెయ్యలేదు.