సైరన్ మోగిందట

ఆఫీసులో అందరూ ఆమెను మిరపకాయ అంటారు, వెనకాల. ఆ రోజు మొహం మీదే అన్నా పట్టించుకునేది కాదు. ఒళ్లు మండిపోతోంది మరి.

వాళ్లు తయారుచేసేది ఇంట్లో పెట్టుకునే ఆక్సిజన్ మిషన్. గొట్టం మడతపడి గాలి ఆగితే సైరన్ కూయాలి. బల్ల మీదున్న మిషన్ గొట్టాన్ని ఆమె పిడికిట్లో నొక్కిపట్టింది. ‘సైరన్ మోగింది’ అని తెర మీద వచ్చింది. చప్పుడు మాత్రం లేదు.

"మోగిందని రాసిందిగా," అన్నాడు మేనేజరు. "టెస్టులన్నీ పాసయ్యాయి."

"పాసయింది మన కంప్యూటర్ మీద సార్! దానికి సైరనెక్కడిది? అందుకే అక్కడ మోగిందని రాసి ఊరుకోమన్నాం. ఇప్పుడు మిషన్ కూడా అదే చేస్తోంది."

తప్పంతా సాఫ్ట్‌వేర్‌ను కూర్చిపెట్టే బిల్డ్ స్క్రిప్టుది. ఆఫీసు కంప్యూటర్లో తయారయ్యే సాఫ్ట్‌వేర్ ఏ యంత్రంలోకి పోతుందో ముందుగా తేల్చుకోవలసింది అదే. ‘ఎవరి కోసం చేస్తున్నాను’ అని అడగాల్సింది పోయి, ‘నేనెక్కడున్నాను’ అని అడిగి సరిపెట్టుకుంది. పెళ్లికొడుక్కి కొలతలు తియ్యమంటే దర్జీ తన నడుమే కొలుచుకున్నట్టు. పని త్వరగా తెములుతుందని అలా మార్చింది ఈ మహానుభావుడే. వద్దు మొర్రో అని ఆమె మొత్తుకుంటే, పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ అని నవ్వాడు కూడా.

"సరే, రేపు చూద్దాం. ఎందుకంత ఆవేశం?"

"రేపా? నిన్ననే ఈ సాఫ్ట్‌వేర్‌ని అందరి ఇళ్లలోని మిషన్లలోకీ ఎక్కించేశారు. మా బావ ఊపిరి ఈ మిషన్ మీదే నడుస్తోంది!"

అంటూనే అక్కకు ఫోన్ కలిపింది.

"అక్కా, బావ పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరే. మేడ మీద బట్టలారేస్తున్నా. ఏదైనా అయితే సైరన్ మోగుతుందిగా."

"మోగదు! పరిగెత్తు!"

మెట్ల మీద అడుగుల చప్పుడు, తలుపు తోసిన చప్పుడు. మేనేజరు కుర్చీలో బిగుసుకుపోయాడు. ఇప్పుడు భయమేస్తోందా నీకు, అనుకుంది ఆమె పళ్లు నూరుతూ.

"బానే ఉన్నారే, పేపరు చదువుతున్నారు," అంది అక్క రొప్పుతూ. "నా పై ప్రాణాలు పైనే పోయాయి. సైరన్ మోగకపోవడమేంటే? ఎవరు చేశారీ పని?"

ఆమె కోపం వీసమెత్తు తగ్గలేదు. స్పీకర్ నొక్కి ఫోన్ మేనేజరు ముందు పెట్టింది.

"మా అక్క అడుగుతోంది, చెప్పండి సార్. తర్వాత మిగతా ఇళ్లన్నిటికీ మీరే ఫోన్ చెయ్యండి."