కార్డు పెట్టెలు

ఓల్వెన్ గడప మురికిగా ఉందని మా వీధి ఆడవాళ్ళం రెండు వారాలు ఆమెతో మాట్లాడలేదు. ఇది చదివే పనివాళ్ళకీ, పిల్లలకీ ముందు ఈ తప్పు ఒప్పుకుని తర్వాత మిగతాది చెబుతాను.

మా వేల్స్ లోయలో బొగ్గు గనులు మూతపడ్డాయి గానీ గడపరాయిని నీళ్ళుపోసి తెల్లగా రుద్దడం ఆగలేదు. శుక్రవారం పొద్దున్నే ప్రతి ఇంటిముందూ ఒకామె మోకాళ్ళ మీద కూర్చుని ఉంటుంది. రుద్దని ఇల్లు కనబడితే మొహం తిప్పుకుంటాం. నేనూ తిప్పుకున్నాను.

మూడో శుక్రవారం చూశాను. ఎదురింటి ముసలి ఓల్వెన్ చూరు కింద కెటిల్ పెట్టి వాననీళ్ళు పడుతోంది. నన్ను చూసి వెనక దాచింది.

"ఏంటక్కా అది?"

"మొక్కలకే."

"నీకు మొక్కలెక్కడివి?"

ఆమె వెనకే లోపలికి వెళ్ళాను. సింకు పక్కన నీళ్ళ కంపెనీ బిగించిన పెట్టె. మా అందరిళ్ళల్లోనూ ఉందది. కొట్లో డబ్బు కట్టి కార్డు నింపించుకొచ్చి అందులో పెడితేనే కుళాయి వస్తుంది. కార్డు అయిపోతే ఠక్కున ఆగిపోతుంది. గొడవ పడదామంటే మనిషే ఉండడు. పక్కింటికి కూడా తెలీదు.

"చెప్పొచ్చు కదక్కా!"

"ఎవరికి? నా గడప చూసి మీరంతా పక్కకి తప్పుకుపోతుంటేనా?"

అంతకుముందు నెల మా ఇంట్లోనూ రెండు రోజులు నీళ్ళు ఆగిపోయాయి. చెల్లెలి ఊరికి పోతున్నానని చెప్పి, పరదాలు వేసుకుని లోపలే కూర్చున్నాను.

ఆ ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక అందరినీ ఆపి, మా ఇంట్లో నీళ్ళు ఆగిన సంగతి చెప్పేశాను. అప్పుడు మా వీధిలో నోరుగల నెరిస్ లేచింది.

"మా ఇంట్లో నాలుగు రోజులు. పాపాయి సీసా సోడాతో కడిగాను. నవ్వండి!"

ఎవరూ నవ్వలేదు. ఒక్కో చెయ్యీ లేచింది. పంతొమ్మిది ఇళ్ళు. గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళే, దేనికది ఒంటరిగా ఎండిపోయింది.

పోయిన మా ఆయన గనిలో ఫిట్టరు. ఆయన స్పానరుతో ఓల్వెన్ ఇంటి పెట్టె నేనే విప్పి, గొట్టాన్ని నేరుగా కుళాయికి కలిపాను. మంగళవారం అందరం కౌన్సిల్‌కి పోయి ఆ పెట్టె చైర్మన్ బల్ల మీద పెట్టాం.

"అమ్మా, నీళ్ళు మా చేతిలో లేవు. పైవాళ్ళు కంపెనీకి అమ్మేశారు," అన్నాడాయన.

"మరి మీ చేతిలో ఏముంది బాబూ, చెత్తబుట్టా?" అంది నెరిస్.

"పిల్లలకి జబ్బు చేస్తే రావలసింది మీ ఆరోగ్యశాఖే," అన్నాను నేను. "ఇంటికి నీళ్ళు ఆపడం నేరమని కంపెనీ మీద కోర్టుకెక్కండి."

"ఆలోచిస్తాం. ముందు ఇది ఎవరు పీకారు?"

"నేనే."

పోలీసుల్ని పిలిచి నన్ను పట్టించారు. స్టేషన్ గదిలో తలుపేశాక నేనొక్కదాన్నే. గోడకి చిన్న కుళాయి. తిప్పితే ధారగా వచ్చింది. పెట్టె లేదు, కార్డు లేదు. దోసిలిపట్టి తాగుతుంటే ఏడుపొచ్చింది.

సాయంత్రం కానిస్టేబుల్ వచ్చాడు.

"లే, మామ్మా. మీ వీధిలో ఇంకో పద్దెనిమిది పెట్టెలు ఊడదీశారు. అందరూ బయట నిలబడి మమ్మల్నీ లోపలెయ్యండంటున్నారు. చోటెక్కడుంది? నిన్ను ఇంటికి పొమ్మన్నారు."

నేను బల్ల మీద సర్దుకుని కూర్చున్నాను.

"కౌన్సిల్ కోర్టుకెక్కేదాకా కదలను బాబూ. చోటంటావా, కొంచెం జరుగుతాను. వాళ్ళని లోపలికి రానీ."