మరక లేని తెల్ల కోట్లు

ఆ ఇంట్లో ఆవిణ్ణి ఇన్‌స్పెక్టరమ్మ అనేవారు. అలాగని ఆవిడ ఏ పోలీసు స్టేషన్‌లోనూ పని చేయలేదు. కెమిస్ట్రీతో డిగ్రీ చదివి, పెళ్ళి చేసుకుని, ఇరవై రెండేళ్ళుగా ఇల్లు చూసుకుంటోంది. పాలు పోయించుకునే ముందు ఒక చుక్క గోటి మీద వేసి అది జారే తీరు చూడనిదే గిన్నె ముందుకు పెట్టదు. మందు సీసా మీద తేదీ చదవనిదే మూత తీయదు. ఉచితం అని రాసి ఉన్నది ఏదైనా సరే, వెనక్కి తిప్పి చూస్తుంది. ఆ పేరు పెట్టింది భర్తే. ఆయన లేత్ మెషీన్ మీద ఇనుము చెక్కి షాఫ్టులూ బుష్షులూ తయారుచేసే టర్నర్. ఎవరేం చెప్పినా నమ్మేసే మనిషి. "మా ఇంట్లో నమ్మకం డిపార్ట్‌మెంటు నాది, అనుమానం డిపార్ట్‌మెంటు ఆవిడది. జీతాలు మాత్రం ఇద్దరికీ లేవు," అనేవాడు.

వాళ్ళకి ఒక్కతే కూతురు. చిన్నప్పుడు నాన్న జేబుల్లోంచి నట్లు ఏరుకుని తలగడ కింద దాచుకునేది కాబట్టి నట్టు అనే పేరు స్థిరపడిపోయింది. నట్టుకి మెకానికల్ ఇంజనీరింగ్ చదవాలని పట్టుదల. రెండు పరాయి దేశాల్లోని రెండు యూనివర్సిటీలు సీటిస్తామని ఉత్తరాలు పంపాయి. శుక్రవారం సాయంత్రంలోగా ఏదో ఒకదానికి సరే అనాలి. ఒకదానికి సరే అంటే రెండోది పోతుంది. దేనికీ అనకపోతే రెండూ పోతాయి. అప్పుడిక ఇంటి ముందు బస్సెక్కి వెళ్ళే కాలేజీలో ఏ సీటు మిగిలితే ఆ సీటే గతి. ఈ మూడో దారి గురించి ఇంట్లో ఎవరూ పైకి మాట్లాడలేదు. ఇన్‌స్పెక్టరమ్మ అసలే మాట్లాడలేదు.

మొదటి యూనివర్సిటీ పంపిన బొమ్మల పుస్తకం నిండా గాజు గోడలే. అందుకని దానికి గాజుమేడ అని పేరు పెట్టుకున్నారు. రెండోది నాలుగు కాగితాలు పంపి ఊరుకుంది. వాటిమీద ఎర్ర ఇటుకల భవనం ఒకటి మసగ్గా కనిపిస్తుంది. అది ఇటుకల బడి.

సోమవారం పొద్దున ముగ్గురూ కన్సల్టెంటు ఆఫీసుకి వెళ్ళారు. ఏసీ గది, గాజు బల్ల, నలభై ఏళ్ళ మనిషి, మెడకి టై. గోడ నిండా ఆయన పంపిన విద్యార్థుల ఫోటోలు, కింద వాళ్ళు చేరిన యూనివర్సిటీల పేర్లు.

"గాజుమేడకే సరే అనేయండి మేడమ్. ర్యాంకింగ్‌లో టాప్. ఇవాళ అయిదింటికల్లా చెప్పకపోతే సీటు వెళ్ళిపోయినా వెళ్ళిపోవచ్చు."

"ఉత్తరంలో శుక్రవారం అని ఉందండీ."

"ఉంటుంది మేడమ్. కానీ డిమాండ్ అలా ఉంది."

"ఆ ర్యాంకు ఇచ్చింది ఎవరండీ?"

"వాళ్ళ వెబ్‌సైటులోనే ఉంది కదా."

"కాకి పిల్ల కాకికి ముద్దు," అందావిడ మెల్లిగా. నట్టు బల్ల కింద నుంచి తల్లి కాలు తొక్కింది. ఆవిడ కాలు వెనక్కి తీసుకుంది కానీ కళ్ళు మాత్రం గోడ మీదే ఉంచింది. కాసేపటికి వేలు చూపించింది.

"ఆ అబ్బాయి ఎర్ర చొక్కాతో ఒక యూనివర్సిటీలో చేరాడు. కింద వరసలో నీలం చొక్కాతో ఇంకోదాంట్లో చేరాడు. ఒకే పిల్లవాడు రెండు దేశాల్లో ఎలా చదువుతున్నాడండీ?"

కన్సల్టెంటు ఏ మాత్రం తొణకలేదు. ఫోన్ తీసి ఒక ఫోటో చూపించాడు. ఎర్ర చొక్కా, నీలం చొక్కా పక్కపక్కనే నిలబడి ఉన్నారు. మధ్యలో వాళ్ళ అమ్మ.

"కవలలు మేడమ్."

టర్నర్‌కి ఒక్కసారిగా దగ్గు వచ్చింది. అది దగ్గు కాదని గదిలో అందరికీ తెలుసు. నట్టు కుర్చీలోకి కుంచించుకుపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నట్టు అంది, "ఆయన టై అసలుదో కాదో కూడా అడగాల్సిందమ్మా. లాగి చూడాల్సింది."

"కవలలైతే కవలలని ఫోటో కింద రాయాలి," అంది ఇన్‌స్పెక్టరమ్మ. కానీ గొంతులో పస లేదు.

ఆ సాయంత్రం గాజుమేడ పుస్తకం ముందేసుకుని కూర్చుంది. పదకొండో పేజీలో వర్క్‌షాపు బొమ్మ ఉంది. వరసగా లేత్‌లు, ఒక్కోదాని పక్కన నవ్వుతూ ఇద్దరేసి పిల్లలు. అందరికీ తెల్ల కోట్లు. మల్లెపూవులాంటి తెలుపు.

"ఇది చూడవే. లేత్ పక్కన నిలబడితే తెల్ల కోటు తెల్లగా ఎలా ఉంటుంది? ఇరవై రెండేళ్ళుగా మీ నాన్న బట్టలు ఉతుకుతున్నాను. ఆ నూనె మరక ఎలా ఉంటుందో నన్నడుగు."

"ఫోటో కోసం కొత్తవి వేసుకుంటారమ్మా. పెళ్ళి ఫోటోలో కట్టుకున్న చీరతోనే నువ్వు అంట్లు తోమావా?"

టర్నర్ ఫక్కున నవ్వాడు. ఇన్‌స్పెక్టరమ్మకి మాట బాగానే తగిలింది. కానీ నట్టు అక్కడితో ఆగలేదు.

"అసలు నీ అనుమానం గాజుమేడ మీద కాదమ్మా. నేను వెళ్ళడం మీద. ఇవాళ దీంట్లో పుచ్చు చూపిస్తావు. రేపు ఇటుకల బడిలో చూపిస్తావు. ఈలోగా శుక్రవారం అయిపోతుంది. నేను బస్సెక్కి ఇక్కడి కాలేజీకే పోతాను. నీకు హాయి."

తేలు కుట్టిన దొంగలా ఉండిపోయింది ఇన్‌స్పెక్టరమ్మ. నట్టు విసురుగా గదిలోకి వెళ్ళిపోయాక ఇటుకల బడి కాగితాలు తీసి మొదటి నుంచి చదివింది. మూడో పేజీ అడుగున ఒక వాక్యం దగ్గర వేలు ఆగింది. మళ్ళీ చదివింది. తర్వాత కాగితాలు మడిచి, గాజుమేడ పుస్తకం కింద పెట్టి, లేచి వెళ్ళి బియ్యం కడగడం మొదలుపెట్టింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

మంగళవారం కన్సల్టెంటు రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండుసార్లూ అదే మాట, ఇవాళ అయిదింటికల్లా. "నిన్నటి అయిదు గంటలు ఏమయ్యాయో అడగండి," అంది ఇన్‌స్పెక్టరమ్మ. టర్నర్ అది అడగలేదు కానీ, అక్కడ చదువుతున్న పిల్లవాడితో ఒకసారి మాట్లాడించమన్నాడు. కన్సల్టెంటు సంతోషంగా ఒక నంబరు ఇచ్చాడు.

బుధవారం పొద్దున టీ వేళకి ఫోన్ బల్ల మధ్యలో పెట్టి స్పీకర్ ఆన్ చేశారు. అవతలి గొంతు హుషారుగా ఉంది.

"సూపర్ ఆంటీ! క్యాంపస్ సూపర్, హాస్టల్ సూపర్, ప్రొఫెసర్లు ఫ్రెండ్స్‌లా ఉంటారు."

"ఇబ్బందులేమీ లేవా బాబూ?"

"ఒక్కటి కూడా లేదాంటీ."

ఇన్‌స్పెక్టరమ్మ కనుబొమలు దగ్గరకొచ్చాయి. హాస్టల్ కూడు తిని ఒక్క తిట్టూ తిట్టని పిల్లవాణ్ణి ఆవిడ ఇంతవరకూ చూడలేదు.

"వర్క్‌షాపులో కోటుకి మరకలవుతాయి కదా, దేంతో ఉతుకుతారు?"

"మరకలా? అసలు కావు ఆంటీ. మా ల్యాబ్ ఫుల్ నీట్."

"మరి చేతులకి జిడ్డు?"

"శానిటైజర్ ఉంటుందాంటీ, గుమ్మం దగ్గరే."

టీ గ్లాసు ఎత్తబోతున్న టర్నర్ చెయ్యి మధ్యలోనే ఆగింది. ఆ చెయ్యిని ఆయన ఒకసారి తిప్పి చూసుకున్నాడు. గోళ్ళ అంచుల్లో నల్లటి గీత. ముప్ఫై ఏళ్ళుగా రంపపు పొట్టూ సబ్బూ కలిపి రుద్దుతున్నా పోని గీత. గ్లాసు కింద పెట్టి, ఫోన్ దగ్గరకి వంగాడు.

"బాబూ, మీరు లేత్ మీద పని చేశారా?"

"ఆ, చాలాసార్లు అంకుల్. ఫస్టియర్ నుంచే."

"పని అయ్యాక చక్ కీ ఎక్కడ పెడతారు?"

"అది మెషీన్‌కే ఉంటుంది అంకుల్. తీయక్కర్లేదు."

లేత్‌లో ఇనుప ముక్కను పట్టి తిప్పే గుండ్రటి భాగం చక్. దాన్ని బిగించే తాళంచెవిలాంటిది చక్ కీ. బిగించిన మరుక్షణం దాన్ని బయటికి తీసేయాలి. మరిచిపోయి స్విచ్ వేస్తే చక్‌తోపాటు గిర్రున తిరిగి తూటాలా ఎగిరి వస్తుంది. టర్నర్ ఎడమ కనుబొమలో వెంట్రుకలు మొలవని గీత ఒకటుంది. పని నేర్చుకునే మొదటి నెలలో వచ్చింది అది. లేత్ ముట్టుకున్నవాడు ఎవడైనా తన పేరు మరిచిపోతాడేమో కానీ ఈ మాట మరిచిపోడు.

"మంచిది బాబూ," అని ఫోన్ పెట్టేశాడు.

"అక్కడన్నీ కంప్యూటర్ మెషీన్లేమో నాన్నా," అంది నట్టు.

"బొమ్మలో ఉన్నది మామూలు లేతేనమ్మా. మా షెడ్డులో ఉన్నదానికి తోడబుట్టిన చెల్లెలు." పదకొండో పేజీ తీసి, కళ్ళద్దాలు పెట్టుకుని, ముక్కు ఆనేంత దగ్గరగా చూశాడు. తర్వాత పుస్తకాన్ని కూతురి వైపు తోశాడు. వరసలో మూడో లేత్. నవ్వుతున్న పిల్లవాడి మోచేతి పక్కన, చక్‌లోనే గుచ్చి ఉంది కీ. "దీంట్లోనూ తీయలేదు. పక్కన పాఠం చెప్పేవాడెవడూ లేడన్నమాట."

వెంటనే కన్సల్టెంటుకి ఫోన్ చేశాడు. నమ్మకం డిపార్ట్‌మెంటు గొంతులో అంత కరుకుదనం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. అవతలివాడు కాస్త నీళ్ళు నమిలాడు. "అతను వర్క్‌షాపుకి పెద్దగా వెళ్ళడు లెండి సార్. వాళ్ళ ప్రచారం పనులు చూస్తుంటాడు... అంటే, పార్ట్‌టైముగా."

"విద్యార్థేనా, కాదా?"

"కనుక్కుని చెప్తాను సార్."

ఆయన కనుక్కుని చెప్పలేదు. ఆ పిల్లవాడి నంబరు కూడా మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. గాజుమేడ మోసమో, లేక ఆ పిల్లవాడొక్కడే గాలి మాటల పోగో వాళ్ళకి తేలలేదు, ఎప్పటికీ.

ఆ సాయంత్రం నట్టు ఇటుకల బడి వాళ్ళకి తనే రాసి, కన్సల్టెంటు ప్రమేయం లేకుండా, రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి నంబరు సంపాదించింది. మళ్ళీ బల్ల మధ్యలో ఫోన్.

"ఏం చెప్పమంటావు చెల్లీ? వాన. ఎప్పుడూ వాన. తిండి సప్పిడి. మొదటి ఆరు వారాలూ మెషీనే ముట్టుకోనివ్వరు. ఒక ఇనుప దిమ్మ ఇచ్చి ఆకురాయితో చదును చేయమంటారు. నా అరచేతులు బొబ్బలెక్కిపోయాయి. మా క్లాసులో ముగ్గురు మానేసి వెళ్ళిపోయారు. జుట్టుకి పట్టిన నూనె వాసన ఎన్ని షాంపూలు మార్చినా పోదు..."

తిట్లదండకం పది నిమిషాలు సాగింది. నట్టు ముఖం వాడిపోతూ వచ్చింది. ఇన్‌స్పెక్టరమ్మ ముఖం మాత్రం విచిత్రంగా తేటపడుతూ వచ్చింది. అద్దెకున్నవాళ్ళు కదా ఇంటి కప్పు ఎక్కడ కారుతుందో చెప్పగలిగేది, అనుకుంది.

చివర్లో నట్టు అడిగింది. "అక్కా, చక్ కీ ఎక్కడ పెడతారు?"

అటునుంచి పెద్ద నవ్వు. "అయ్యో, నా సంగతి నీదాకా వచ్చిందా? రెండో రోజే దాన్ని చక్‌లో వదిలేశాను. మాస్టారు క్లాసంతా ఆపేశాడు. ఒక్క మాట అనలేదు. నా చేతికి చీపురిచ్చి మూడు రోజులు ఇనుప రజను ఊడిపించాడు. ఇప్పుడు అన్నం తింటున్నా చెయ్యి కీ కోసం తడుముకుంటుంది."

టర్నర్ తన కనుబొమ మీద గీత నిమురుకున్నాడు. "ఆ మాస్టారికి నా నమస్కారం చెప్పమ్మా," అన్నాడు.

గురువారం సాయంత్రం నట్టు ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంది. సరే అనే మీట తెర మీద మెరుస్తోంది. కానీ వేలు వేయలేదు. తల్లి వైపు తిరిగింది.

"ఊఁ, చెప్పు. ఇటుకల బడిలో ఏం పుచ్చు కనిపెట్టావు? ఇప్పుడే చెప్పేయి. నొక్కాక చెప్పకు."

ఇన్‌స్పెక్టరమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. తడి లేని చేతులే.

"వెతికాను," అంది. "నిజమే నువ్వన్నది. ఏదైనా దొరికితే బాగుండునని వెతికాను. దొరకలేదు. దొరకకపోవడమే కాదు." బల్ల మీద కాగితాల్లోంచి మూడో పేజీ తీసి కూతురి ముందు పెట్టింది. "అడుగున చదువు."

నట్టు చదివింది. వర్క్‌షాపు కోసం ముదురు నీలం రంగు నూలు కోట్లు రెండు తెచ్చుకోవాలి. లేత రంగులూ, సిల్కూ నైలాన్ లాంటివీ పనికిరావు. జుట్టు ముడి వేసుకోవాలి.

"నీలం! అంటే వీళ్ళకి మరకల సంగతి తెలుసు... ఎప్పుడు చూశావమ్మా ఇది?"

"సోమవారం."

"ఇవాళ గురువారం!"

"అవును."

"నాలుగు రోజులు దాచావా? నువ్వు? పాలచుక్కని కూడా వదలని నువ్వు?"

ఇన్‌స్పెక్టరమ్మ బీరువా తెరిచి ఒక కాగితం పొట్లం తెచ్చి కూతురి ఒళ్ళో పెట్టింది. లోపల ముదురు నీలం నూలు గుడ్డ, రెండు కోట్లకి సరిపడా. పొద్దున కొనుక్కొచ్చింది. ఒక మూల అప్పటికే తడిపి ఆరేసిన గుర్తు ఉంది. రంగు దిగుతుందేమోనని పరీక్ష చేసి చూసింది మరి.

నట్టు ఆ తడి గుర్తు వైపు చాలాసేపు చూసింది. తర్వాత తల్లి వైపు చూడకుండానే చెయ్యి చాపి మీట నొక్కింది.

"చేతులు వదులుగా కుట్టకోయ్," అన్నాడు టర్నర్. "మెషీన్ లాగేస్తుంది."

"టర్నర్ పెళ్ళానికి అది కూడా చెప్పాలా?" అని ఇన్‌స్పెక్టరమ్మ మెడలో టేపు వేసుకుంది. "లేవవే. మరక పడగానే నీళ్ళు పోయకు. ముందు రంపపు పొట్టు అద్ది నూనె పీల్చనివ్వాలి. తర్వాతే సబ్బు. ఊపిరి బిగబట్టకు, కొలుస్తున్నది మణికట్టు, నడుం కాదు."

"ఎంత వచ్చింది?"

"ఆరున్నర."

"ఏదీ, నన్ను చూడనీ. సోమవారం నుంచీ నీ మాట మీద నమ్మకం పోయింది నాకు."

నట్టు వంగి టేపు మీద అంకె తనే చదువుకుంది. ఇన్‌స్పెక్టరమ్మ కూతురికి సరిగ్గా కనిపించేలా, టేపు పట్టుకున్న చేతిని కిటికీ వెలుతురు వైపు తిప్పింది.