రెండు వేళ్ళ మధ్య గది

ఈ నెల అల్లికల పత్రికలో పన్నెండో పేజీని రెండు వేళ్ళతో పెద్దది చేస్తాను. మా ముందుగది పొడవవుతుంది.

పత్రిక టాబ్‌లో ఉంది, టాబ్ నా ఒళ్ళో ఉంది. నేను గుమ్మం పక్కన పీట మీద కూర్చున్నాను. మా చెల్లెలు దీవెన ఎదుటి గోడ కిటికీ కింద ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంది. క్షణం కిందట మా మధ్య ఆరడుగులు. ఇప్పుడు తక్కువలో తక్కువ అరవై.

గది పొడవైనందుకు నాకు ఆశ్చర్యం లేదు. పేజీలో వేసిన నమూనా మా ముందుగదిదే. గొలుసు కుట్టుకి సున్నా, నిలువు కుట్టుకి గీత, ఇలా ఇరవై వరసల్లో గదిని చక్కగా దింపారు: గుమ్మం, కిటికీ, పీట, స్టూలు. కిటికీ మూలలో ఒక ముడి సరిగా కనబడక పెద్దది చేశాను. నమూనా పెరిగితే గది పెరగదా మరి. నాకు భయం వేస్తున్నది వేరే సంగతికి. నేను పేజీ మీద వేళ్ళు పెట్టకముందు దీవెన, "అక్కా, నీతో ఒక మాట చెప్పాలి" అంది. నేను తలెత్తకుండానే "ఉండవే, ఈ ముడి చూడనీ" అన్నాను. ఆ గొంతులో ఏదో ఉంది. అది ఇప్పుడు తోస్తోంది.

మా పేటలో లేసు ఒక్కరి పని కాదు. పువ్వులు అల్లేవాళ్ళు వేరు, వాటిని ఒకదానికొకటి కలిపి అతుకు వేసేవాళ్ళు వేరు. దీవెన పువ్వులు అల్లుతుంది, నేను అతుకు వేస్తాను. దారం ఉండ నా పక్కన గిన్నెలో ఉంది. దాని కొస దీవెన సూదికి ఉంది. తను అల్లేకొద్దీ ఉండ గిన్నెలో మెల్లగా దొర్లుతుంది. గది సాగినప్పుడు మాత్రం గిర్రున తిరిగింది. పొద్దున కొబ్బరికాయంత ఉన్నది ఇప్పుడు జామకాయంత ఉంది.

వెంటనే వేళ్ళు దగ్గరికి జరిపి పేజీని చిన్నది చేయబోతాను. టాబ్ ఒప్పుకోదు. ముప్ఫై ఏళ్ళుగా క్రోషే సూది పట్టిన వేళ్ళు నావి. కొసలు కాయలు కాసి చెప్పు అడుగులా తయారయ్యాయి. స్క్రీన్ వాటిని వేళ్ళుగా గుర్తుపట్టదు. విప్పేటప్పుడు ఎలాగో గుర్తుపట్టింది, దగ్గరికి తెచ్చేటప్పుడు పట్టడం లేదు. పైగా నేను రుద్దినకొద్దీ పేజీ ఇంకాస్త విప్పుకుంటోంది. నేల మీద గచ్చు పలకలు ఒక్కొక్కటే పుట్టుకొస్తున్నాయి. చప్పుడు లేదు.

"దీవెనా" అని పిలుస్తాను.

చాలాసేపటికి "ఆఁ" అని వినిపిస్తుంది. నిన్నెప్పుడో పిలిచినదానికి ఇవాళ పలికినంత ఆలస్యంగా వస్తుంది.

"ఏదో చెప్తానన్నావు గదా?"

ఈసారి ఏమీ రాదు. పెదవులు కదలడం మాత్రం కనిపిస్తుంది.

లేచి నడుస్తాను. తొందరపడకుండా, దారం తొక్కకుండా నడుస్తాను. పలకలు నా కాళ్ళ కిందే పుడుతున్నాయి. నలభై అడుగులు లెక్కపెట్టి వెనక్కి చూస్తే పీట నా పక్కనే ఉంది. ఇంత కష్టపడి నడిచినందుకు పీట నన్ను చూసి జాలిపడుతున్నట్టుంది. కూర్చుంటాను.

పత్రిక చివరి పేజీలో పాఠకుల సహాయానికని ఒక ఫోను నంబరు ఉంది. చేస్తాను. ఆడమనిషి ఎత్తుతుంది. గొంతు చాలా మర్యాదగా ఉంది.

"గది పొడవైపోయిందండి," అంటాను. "మా చెల్లి అవతల ఉండిపోయింది."

"ఎన్ని వేళ్ళు వాడారండీ?"

"రెండు."

"మీ చందా ఒక వేలికేనండి. ఒక వేలితో పేజీ తిప్పుకోవచ్చు. రెండో వేలితో జరిగినదానికి పాఠకులదే పూచీ."

"అయితే రెండో వేలు వెనక్కి తీసుకుంటాను."

"తప్పకుండా తీసుకోండి. దూరం వెనక్కి తీసుకోవడమనేది మాత్రం ఈ సంచికలో లేదండి." కాగితాలు తిప్పుతున్న చప్పుడు. "దారం ఒకసారి చూసుకోండి," అని ఫోను పెట్టేస్తుంది.

దారం సంగతి నేను ఆవిడకి చెప్పలేదు. గిన్నెలోకి చూస్తాను. ఉండ నిమ్మకాయంత ఉంది.

వంటగదిలోంచి మా పెద్దమ్మ ఎలీశమ్మ వస్తుంది. అమ్మ పోయాక మమ్మల్ని పెంచింది ఆవిడే. టాబ్ అంటే ఆవిడకి గిట్టదు. ఇరవై ఏళ్ళ అచ్చు సంచికలను సంపుటాలుగా కుట్టించి, అట్టలు వేసి, బైబిలు పక్కన పెట్టుకుంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి. చేతులు కొంగుకి తుడుచుకుంటూ గదిని ఈ చివరి నుంచి ఆ చివరికి చూస్తుంది.

"ఆ టాబ్ అద్దంలో చదివితే ఇలాగే ఉంటదే సలోమీ," అంటుంది. "కాయితంలో గది పెరగదు. ఎంత అచ్చేశారో అంతే."

"ఈ నమూనా నీ దగ్గరుందా పెద్దమ్మా?"

"ఎందుకు లేదు? పద్దెనిమిదేళ్ళ కిందటిది. పాతదే మళ్ళీ ఏసి ఆళ్ళు కొత్తదంటన్నారు."

సంపుటం తెచ్చి నేల మీద విప్పుతుంది. మధ్యలో మడతలు పెట్టిన పెద్ద కాగితం ఉంది. అదే గది, అవే ఇరవై వరసలు. దాని మీద అరచెయ్యి ఆనిస్తాను. కాగితం కదలదు, పెరగదు, నా వేళ్ళని పరీక్ష చేయదు. నాకు కాస్త ధైర్యం వస్తుంది. పెద్దమ్మ చెప్పే ఉపాయం సులువుగానే ఉంది: గుమ్మం వరస మీదికి కిటికీ వరస వచ్చేలా కాగితాన్ని మడిస్తే గదీ మడతపడుతుంది, దీవెన నా పక్కకి వచ్చేస్తుంది.

"మడతలో దానికి దెబ్బ తగలదు గదా?"

"బట్ట మడిస్తే పువ్వుకి దెబ్బ తగులుద్దా?"

మడుస్తుంది. దూరాన ఉన్న గోడ గాలిని తోసుకుంటూ వచ్చి నా మోకాళ్ళకి ఆనుకుని ఆగుతుంది. కిటికీ చువ్వ మీద దీవెన ఆరేసిన తువ్వాలు నా మొహానికి తడిగా తగులుతుంది. దీవెన లేదు. తన స్టూలు ఉండవలసిన చోట నేలలో నలుచదరపు కన్నం ఉంది. అంచులు కత్తెరతో కోసినంత నున్నగా ఉన్నాయి. దారం ఆ కన్నంలోకి దిగి, బిగుసుకుని, వణుకుతోంది.

కాగితం వైపు చూస్తాను. కాగితంలోనూ సరిగ్గా అక్కడే కన్నం ఉంది.

"పెద్దమ్మా, ఇక్కడ కోశావా?"

పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుని చూస్తుంది. "స్టూలు మీద ఏసిన పువ్వు బాగుందని పక్కింటి సువార్త అడిగితే కత్తిరించి ఇచ్చాను. అల్లుకుని తెచ్చిస్తానంది."

"ఎప్పుడు?"

"అదే ఏడు."

మా పేటలో ఇది అందరూ చేసే పనే. పత్రిక ఒకరు తెప్పిస్తారు, పువ్వు నచ్చినవాళ్ళు కత్తిరించుకుపోతారు, తిరిగి తెచ్చినవాళ్ళని నేను చూడలేదు. ప్రతి ఇంట్లోనూ సంచికలు ఎలకలు కొట్టినట్టు కన్నాలతోనే ఉంటాయి. ఆ కన్నంలో ఎవరి చెల్లెలు కూర్చోవలసి ఉందో కత్తెర పట్టినవాళ్ళకి తట్టదు. నాకు పెద్దమ్మ మీద పట్టరాని కోపం వస్తుంది. కానీ అదే కత్తెరతో నేనూ ఎన్నో కోశాను, ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

దారం కన్నంలోకి ఇంకో చుట్టు జారుతుంది.

"విప్పు," అంటాను. "తొందరగా విప్పు పెద్దమ్మా."

విప్పుతుంది. గోడ వెనక్కి వెళ్ళిపోతుంది, ముందుకన్నా ఎంతో దూరం వెళుతుంది. దీవెన మళ్ళీ ఉంది. కిటికీ కింద చింతగింజంత ఉంది. గిన్నెలో ఉండ మాత్రం లేదు, నాలుగు చుట్ల దారం మిగిలింది. కొసని నా ఎడమ చూపుడువేలికి చుట్టుకుంటాను. పెద్దమ్మ సంపుటాన్ని మూసి గుండెలకి హత్తుకుని వంటగది గుమ్మంలో నిలబడుతుంది. చేతులు కాలాక పట్టుకోవడానికి ఆవిడ దగ్గర ఆకులు కూడా లేవు.

టాబ్‌లో చూస్తాను. పన్నెండో పేజీలో కిటికీ కింద చుక్క ఒకటి ఉంది. దాని మీద వేళ్ళు పెట్టి విప్పుతాను. చేయకూడదని తెలుసు, కానీ తన మొహం చూడకుండా ఉండలేను. నేల సాగుతుంది. దారం ఒక చుట్టు పోతుంది. చుక్క పెరిగి జడ అవుతుంది, నీలం జాకెట్టు అవుతుంది, వంచిన తల అవుతుంది. దీవెన అల్లడం లేదు. ఒళ్ళో తన ఫోను ఉంది. ఫోనులో ఇదే పత్రిక, ఇదే పేజీ, గుమ్మం పక్కన ఒక చుక్క. తను ఆ చుక్క మీద రెండు వేళ్ళు పెట్టి విప్పుతోంది.

నన్ను చూడాలని విప్పుతోంది. ఇంతసేపూ అటునుంచి తను, ఇటునుంచి నేను, ఒకరినొకరం బాగా చూసుకోవాలని గదిని సాగదీస్తూనే ఉన్నాం. నాకు ఏడుపొస్తుంది. ఆరడుగుల దూరంలో ఉన్నప్పుడు తల ఎత్తి ఉంటే సరిపోయేది.

వేలి మీద ఒక్క చుట్టు మిగిలింది.

తనకి అల్లకం నేర్పింది నేనే. అప్పటికి తనకి ఏడేళ్ళు. పెద్దమ్మ తిట్టకుండా బల్ల కింద మాకొక గుర్తు ఉండేది: దారం ఒకసారి లాగితే కానివ్వమని, రెండుసార్లు లాగితే ఆపమని. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు లాగుతాను.

పేజీలో దీవెన తలెత్తుతుంది. వేళ్ళు ఆగుతాయి. కాసేపు ఎటో చూసి, ఫోనుని ఒళ్ళో బోర్లిస్తుంది. నేనూ టాబ్‌ని నేల మీద బోర్లిస్తాను. కళ్ళు కూడా మూసుకుంటాను, చూపు పొరపాటున దేన్నయినా పెద్దది చేస్తుందేమోనని.

గచ్చు పలకలు ఒకదాని కిందికి ఒకటి దూరుతున్న చప్పుడు వినబడుతుంది. దారం వేలి మీద వదులవుతుంది. మోకాలికి స్టూలు తగిలాక కళ్ళు తెరుస్తాను.

గది ఆరడుగులే ఉంది. కిటికీ తన చోట ఉంది, స్టూలు మాత్రం నా మోకాలి దాకా వచ్చేసింది. స్టూలు మీద దీవెన లేదనుకుంటాను, తరవాత కనబడుతుంది. గది దగ్గరికి వచ్చింది గానీ తను దూరాన ఎంత ఉందో ఇక్కడా అంతే ఉంది. బియ్యపు గింజంత. స్టూలు అంచున నిలబడి నావైపు చేతులూపుతోంది. నోరు తెరిచి ఏదో చెబుతోంది. ఏమీ వినబడదు.

వేలు చాపితే ఎక్కుతుంది. చెవి దగ్గర పెట్టుకుందామని చెయ్యి పైకెత్తుతాను. నా ఊపిరికే తను తూలిపోతుంది, వేలికి ఉన్న దారాన్ని పట్టుకుని వేలాడుతుంది. చెయ్యి అక్కడే ఆపేస్తాను.

తను లేచి నిలబడుతుంది. సూది తీసి నా వేలి చర్మంలోకి దించి, ఒక పోగు బయటికి లాగి, గొలుసు వేసి, ఆ గొలుసు మీద కాలు పెట్టి ఒక మెట్టు పైకెక్కుతుంది. మళ్ళీ దించుతుంది. నొప్పి లేదు, తిమ్మిరి ఎక్కినట్టుంది. తను దాటిన మేర నా వేలు తెల్లటి లేసు అయిపోతోంది. దాని కన్నాల్లోంచి గచ్చు కనబడుతోంది.

"దులిపెయ్యవే," అంటుంది పెద్దమ్మ గుమ్మంలోంచి, మెల్లగా. "చెయ్యి పోతాది."

"దులిపితే అది పోద్ది పెద్దమ్మా."

మణికట్టు దాటుతుంది. లేసు పక్కవేళ్ళకీ పాకింది, కిటికీ గాలికి నా అయిదు వేళ్ళూ పరదా అంచులా ఊగుతున్నాయి. చెవి ఇంకా చాలా దూరం. తను అక్కడికి చేరేసరికి వినడానికి నాలో ఎంత మిగులుతుందో నాకు తెలియదు. మెడ వంచి, చెవిని భుజానికి వీలైనంత దగ్గరగా పెట్టుకుని కూర్చుంటాను. మోచేతి మడతలో సూది మళ్ళీ దిగుతుంది.