కొమ్ము విరిచిన దవడలు

నేను ఒక వెర్నియర్ కాలిపర్‌ని. ఉక్కుతో చేసిన కొలత పరికరాన్ని. నాకు రెండు దవడలున్నాయి. వాటి మధ్య ఏ వస్తువును పెట్టినా అది ఎన్ని మిల్లీమీటర్లో, ఆ పైన ఎన్నో వంతో చెప్పేస్తాను. నన్ను చేసిన కార్ఖానాలో ఒక్క గీత వంకరపోతే చాలు, మొత్తం పరికరాన్నే తీసి చెత్తలో పడేసేవారు. అంత శుచిగా పుట్టిన నా బతుకు చాలామటుకు పేడలోనే గడిచింది. పేడను ఏనాడో క్షమించాను. మనుషుల సంగతే ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

మొదట ఒక లేత్ మేస్త్రి చేతిలో ఉన్నాను. సాయంత్రం షాపు కట్టేసే ముందు కిరసనాయిలు గుడ్డతో నన్ను తుడిచి, జేబులో కాక ప్రత్యేకంగా చెక్కపెట్టెలో పెట్టేవాడు. చూపు మందగించి ఆయన పని మానుకున్నాక పాతసామాన్ల దుకాణానికి చేరాను. అక్కడ తుప్పుపట్టిన తాళాల మధ్య పడి ఉండగా బూరాడ హైమావతి నన్ను చూసింది. పలాస దగ్గర జీడిపప్పు ఒలిచే తల్లికి పుట్టిన పిల్ల. యూనివర్సిటీ జంతుశాస్త్ర విభాగంలో అప్పుడే పరిశోధనకు చేరింది. విభాగంలో కాలిపర్ ఉన్నా అది ప్రొఫెసరు బీరువాలో, ఆ బీరువా తాళం ప్రొఫెసరు జేబులో ఉండేవి. అందుకని నన్ను సొంతానికి కొనుక్కుంది.

ఏం కొలుస్తుందో అప్పుడు నాకు తెలియదు. తెలిసుంటే ఆ తాళాల మధ్యే ఉండిపోయేవాణ్ణి.

విభాగంలో ఆమెకిచ్చిన గదిలో నలభై బకెట్లు. ప్రతి బకెట్లో తడి ఇసుక, ఇసుక మీద ఆవుపేడ, పేడలో పురుగులు. కిటికీ తెరిస్తే ఈగలు, మూస్తే ఆవిరి. తల్లిపురుగు పేడను ఉండగా చుట్టి మట్టిలో పాతి, అందులో ఒక్క గుడ్డు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చేది తెల్లగా, మెత్తగా, వీపున గూనితో ఉంటుంది. ఆ గూని నిండా మలమే. అది పేడ తింటుంది, విసర్జించినదాన్ని మళ్ళీ తింటుంది, మిగిలినదాన్ని గోడలకు అలుక్కుంటుంది. అలాంటిదాన్ని నా దవడల మధ్య పెట్టి హైమావతి వెడల్పు కొలిచేది. ఆ జిగురు నా గీతల్లోకి దిగేది. కక్కుకోవడానికి నాకు నోరు లేకపోయింది.

ఆ గూనిపురుగే కొన్ని వారాలకు నల్లగా నిగనిగలాడుతూ బయటికొచ్చేది. మగవాటిలో కొన్నింటి తల మీద ఎద్దుకొమ్ముల్లా వెనక్కి వంగిన జంట కొమ్ములుండేవి. కొన్నింటికి చిన్న బొడిపె తప్ప ఏమీ ఉండేది కాదు. కొమ్మున్నది సొరంగం గుమ్మంలో కాపలా కాస్తూ పోట్లాడేది. కొమ్ములేనిది పక్కనుంచి దొంగదారి తవ్వుకుని ఆడపురుగును చేరేది.

పేడ తెచ్చి జల్లెడ పట్టే సన్యాసమ్మ ఒకరోజు నన్ను కడుగుతూ అడిగింది.

"కొమ్ముల్లేని అయ్యకి ఇంతేసి కొమ్ముల కొడుకెలాగ పుట్టాడమ్మా?"

"తిండి అత్తా," అంది హైమావతి. "కొమ్ము పెంచే జన్యువులు అన్నిటి ఒంట్లోనూ ఉంటాయి. గూటిలో ఉన్నప్పుడు కడుపు నిండా తింటే ఒంట్లో రసాలు ఊరి వాటిని లేపుతాయి. తిండి ఒక గీత దాటితే కొమ్ము. దాటకపోతే బొడిపె. ఆ గీత కొంచెం ముందుకో వెనక్కో ఉండటంలో వంశం పాత్ర ఉంది. కొమ్ము మాత్రం తండ్రి కట్టబెట్టే ఆస్తి కాదు."

"మరి ఆడాటికో?"

"కడుపునిండా తిన్నా రాదు. మగదాంట్లో కొమ్ముని పెంచే జన్యువే ఆడదాంట్లో దాన్ని ఆపేస్తుంది."

"మా ఇళ్ళల్లోలాగే. గుడ్డు కొడుక్కి, పులుసు కూతురికి. ఛీ, పురుగులకి కూడానా!" అంటూ నన్ను గట్టిగా తోమింది.

హైమావతి రెండేళ్ళు ఒకే పని చేసింది. కొమ్ములేని తండ్రుల పిల్లలకు పెద్ద పేడ ఉండలు, కొమ్మున్న తండ్రుల పిల్లలకు చిన్న ఉండలు ఇచ్చింది. కుంచెమొనతో ఒక్కొక్క గుడ్డునూ ఎత్తి మార్చింది. కొమ్ములేని తండ్రులకు పుట్టిన మగవాటిలో ఇరవై మూడింటికి నిలువెత్తు కొమ్ములొచ్చాయి. కొమ్మున్న తండ్రుల కొడుకులేమో బొడిపెలతో మిగిలాయి. మూడున్నర మిల్లీమీటర్లు అని నేను చూపించిన ప్రతిసారీ ఆమె పేడచేతులతోనే చప్పట్లు కొట్టేది. ఆ ఒక్క సంతోషంలో నాకు కంపు తెలియలేదు.

ఆమె గైడు ప్రొఫెసర్ కోదండపాణి. పదిహేనేళ్ళుగా దేశమంతా తిరిగి ఒకే ఉపన్యాసం ఇస్తున్న మనిషి. కొమ్ము రక్తంలో ఉంటుంది, గొప్ప తండ్రికే గొప్ప కొడుకు అన్నది దాని సారం. ఆ మాట మీదే ఆయనకు శాలువాలు, పదవులు వచ్చాయి. హైమావతి పట్టికలు చూసి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"లేబుళ్ళు తారుమారై ఉంటాయమ్మా. ఆ ఇరవై మూడూ తీసేయ్."

"తారుమారు కాలేదు సార్. ప్రతి గూటికీ నెంబరుంది."

"నీ మేలు కోరి చెబుతున్నాను. సోమవారం బయటి నిపుణుడు వస్తున్నాడు. పేడ ఎత్తుకునే పిల్లవి, పేరు పాడుచేసుకోకు."

"పురుగుల్ని ఆయనే చూస్తారు కదా సార్. సోమవారం పొద్దున్నే ఫొటోలు కూడా తీసేస్తాను," అంది ఆమె. ఫొటోలు తీసే మైక్రోస్కోపు తాళం కూడా ఆయన దగ్గరే ఉండేది.

ఆదివారం మధ్యాహ్నం కోదండపాణి ఒక్కడే వచ్చాడు. ముక్కుకు రుమాలు కట్టుకుని, లోపల గడియ వేసుకున్నాడు. సూదులు గుచ్చి అట్టపెట్టెలో వరసగా నిలబెట్టిన పురుగులను చూశాడు. చుట్టూ వెతికి నన్ను తీసుకున్నాడు.

మొదటి పురుగు కొమ్ము మొదలును నా దవడల మొనల్లో ఇరికించి మెలితిప్పాడు. 'టిక్' మంది. అంత చిన్న శబ్దం. రెండో కొమ్ము. మళ్ళీ టిక్. ఇరవై మూడు పురుగులు, నలభై ఆరు కొమ్ములు. తొందరలేదు ఆయనకు. మధ్యలో ఒకసారి చెమట తుడుచుకుని నీళ్ళు తాగాడు. రాలిన కొమ్ములను కాగితంలోకి ఊడ్చి మడిచి చొక్కా జేబులో వేసుకున్నాడు. తరువాత చేతులు సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నాడు. నన్ను కడగలేదు.

గూనిపురుగుల జిగురు పట్టిన రోజుల్లో నాకు నా ఒంటి మీద అసహ్యం వేసేది. ఆ మధ్యాహ్నం అసహ్యమంటే ఏమిటో తెలిసింది. నేను కొలవడానికి పుట్టాను. నా చేతనే కొలతను చంపించాడు.

సోమవారం పెట్టె తెరిచిన హైమావతికి ఆ ఇరవై మూడు తలల మీదా కొమ్ములు కనిపించలేదు. భూతద్దం తీసుకుని ఒక్కొక్క తలా చూసింది. పుట్టుబొడిపె నున్నగా గుండ్రంగా ఉంటుంది. వీటి తలల మీద గరుకు అంచులతో చిన్న చిన్న బోలు గుంటలున్నాయి.

"నిన్న సారొచ్చి గడియేసుకుని కూకున్నారమ్మా," అంది సన్యాసమ్మ మెల్లగా. "పుస్తకాలు సూసుకుంటన్నారనుకున్నాను."

సెమినార్ హాల్లో నిపుణుడు, పదిమంది అధ్యాపకులు, ప్లేట్లలో సమోసాలు. హైమావతి తన పట్టికలన్నీ చూపించి, చివర ఆ తలలను తెర మీద పెద్దవి చేసి పెట్టింది.

"కొత్త స్కాలర్. చేతులు వణికి విరగ్గొట్టి ఉంటుంది," అని నవ్వాడు కోదండపాణి.

"ఇరవై మూడూ ఒకేచోట విరిగాయి సార్. కొమ్ములేని తండ్రుల కొడుకులవే విరిగాయి. పక్క వరసలో ఒక్క కాలు కూడా ఊడలేదు. నా చేతులకు వంశాలు ఎలా తెలిశాయి?"

నిపుణుడు గడియారం చూసుకున్నాడు. ఒకాయన వేళ్ళకంటిన నూనెను ప్లేటు అంచుకు రాసి, కమిటీ వేద్దామన్నాడు.

కమిటీలో ముగ్గురూ కోదండపాణి స్నేహితులు. సన్యాసమ్మ వాళ్ళ ముందు నిలబడి చూసింది చూసినట్టు చెప్పింది. నమూనాలను భద్రపరచడంలో లోపం జరిగిందని నివేదిక వచ్చింది. వారం తిరక్కుండా సన్యాసమ్మను హాస్టల్ మరుగుదొడ్ల పనికి మార్చారు. వెళ్ళే ముందు గదికి వచ్చింది.

"నా వల్లే కదా అత్తా," అంటూ హైమావతి ఏడ్చింది.

"నీ వల్లేటి? పేడ కంపు కడిగితే పోద్ది. ఆళ్ళ కంపు ఏటితో కడుగుతారో సూద్దాం. నువ్వు ఒగ్గీకు," అంది సన్యాసమ్మ.

హైమావతి వదల్లేదు. పక్క విభాగంలో ఒక ఆవిడ ఆమెను తీసుకుంది. మళ్ళీ నలభై బకెట్లు, మళ్ళీ పేడ, ఇంకో మూడేళ్ళు. ఈసారి ప్రతి పురుగునూ బయటికొచ్చిన రోజే ఫొటో తీసింది. కొమ్ములు మళ్ళీ వచ్చాయి. పట్టా వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. ఇదంతా నేను తరువాత విన్నదే, అప్పుడు ఆమెతో లేను. నన్నూ ఆ అట్టపెట్టెనూ ప్రయోగశాల ఆస్తి అని రాసి కోదండపాణి ఉంచేసుకున్నాడు.

ఆయన రిటైరైన ఏడు విభాగంలో మ్యూజియం తెరిచారు. అద్దాల బీరువాలో ఎర్ర మఖ్మలు మీద నన్ను పడుకోబెట్టారు. పక్కనే ఆ ఇరవై మూడు పురుగులు. 'ఆచార్య కోదండపాణి గారు కొమ్ముల వంశపారంపర్యాన్ని నిరూపించిన పరికరం' అని నా కింద, 'కొమ్ములేని వంశం' అని వాటి కింద చీటీలు. పేడలో ఉన్నప్పుడు కూడా నా ఒళ్ళు ఇంత మురికిగా లేదు.

నిరుడు ఒక ఉదయం హైమావతి తన విద్యార్థులను వెంటబెట్టుకుని వచ్చింది. కణతల దగ్గర జుట్టు నెరిసింది. చీటీలు చదివింది. మ్యూజియం గుమస్తాను పిలిచింది.

"చీటీ మార్చాలంటే తీర్మానం కావాలి మేడమ్," అన్నాడు అతను ముందుగానే.

"చీటీ ఉండనివ్వండి. పురుగుల్ని బయటికి తియ్యండి, చాలు."

భూతద్దం చేతులు మారింది. పిల్లలు ఒకరి తరువాత ఒకరు వంగి ఆ గరుకు అంచులను, బోలు గుంటలను చూశారు. ఏం జరిగిందో ఆమె అందరి పేర్లతో చెప్పింది, సన్యాసమ్మ పేరుతో సహా. ఒక అమ్మాయి తల ఎత్తింది. ముఖం కందిపోయి ఉంది.

"అంతమంది చూశారు కదా మేడమ్. ఎవరూ ఏమీ అనలేదా?"

"ఇద్దరం అన్నాం," అంది హైమావతి.