తలుపు సందులో రెండు వేళ్ళు

ఆ పొద్దున ఆకాశం కురవనూ లేదు, తెరిపివ్వనూ లేదు. బూడిదరంగు మబ్బు ఒకటి బడి కప్పు మీదికి దిగి, అలిగి వచ్చిన చుట్టంలా కదలకుండా కూర్చుంది. ఆకు కదిలితే ఒట్టు. పదో తరగతి గదిలో పొద్దున్నే దీపాలు వెయ్యాల్సి వచ్చింది.

వెనక గోడవారన వేసిన బల్లల మీద తల్లిదండ్రులు ఇరుక్కుని కూర్చున్నారు. వాళ్ళలో లిఫ్టు మెకానిక్ ఒకడు. పూట సెలవు పెట్టి, పని బట్టల్లోనే వచ్చి, అన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాడు. మాట బయటికొస్తే ఎక్కడ అరిగిపోతుందో అన్నట్టుండే మనిషి. కూతురూ ఆ తానులో గుడ్డే. బడిలో ఆ పిల్లకి మూగనోము అని పేరు పెట్టారు.

పేరు ఊరికే రాలేదు. పోయిన నెల మాస్టారు మాట్లాడమని లేపితే, చేతిలో సుద్దముక్క పిండి అయ్యేదాకా నలిపి, పెదవి విప్పకుండా కూర్చుంది. మాస్టారు కోప్పడలేదు. "ఇంకొక్కసారి చూద్దాం. అప్పుడూ ఇంతే అయితే నిన్నిక లేపను. నీకూ సుఖం, నాకూ సుఖం," అన్నాడు. తిట్టినా బాగుండేది. తనని ఇక ఎవరూ లేపరన్న మాట గొంతులో ముల్లులా దిగబడిపోయింది.

మాస్టారి పద్ధతి వేరు. కాగితం పట్టుకు రాకూడదు. ఎవరో ఒకరు తమకోసం చేసిన పని, తాము కళ్ళారా చూసింది, నిలబడి చెప్పాలి. ఆ తర్వాత తరగతి ప్రశ్నలు వేస్తుంది. "జరిగినదానికి ఎన్ని ప్రశ్నలకైనా జవాబుంటుంది. కల్పించినదానికి రెండో ప్రశ్నకే కాళ్ళు వణుకుతాయి. అలా వణికినవాణ్ణి అక్కడే ఆపి కూర్చోబెడతాను," అనేవాడు.

మూగనోము దగ్గర చెప్పుకోదగ్గ కథ ఒకటే ఉంది. చిన్నప్పుడు వాళ్ళ మేడలో కరెంటు పోయి లిఫ్టు రెండంతస్తుల నడుమ ఆగిపోయింది. లోపల తను. పైన మరో మనిషి లిఫ్టుని కదిపే చక్రం చేత్తో తిప్పుతుంటే, నాన్న తలుపు దగ్గరే కూర్చుని, సందులోంచి రెండు వేళ్ళు లోపలికి పెట్టి, తలుపు తెరుచుకునేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు. ఇంట్లో ఊ అంటే ఆ అనని నాన్న. ఈ కథని పై వాటాలో ఉండే నేస్తం ముందు మెట్ల మీద కూర్చుని రోజూ వల్లించింది. ఆ నేస్తాన్ని బడిలో వసపిట్ట అంటారు.

"వేళ్ళు పెట్టాడు అన్నాక కాస్త ఆగు," అని నేర్పింది వసపిట్ట. "వాళ్ళ ఊపిరి వాళ్ళకే వినపడాలి. గబగబా అప్పజెప్పావంటే ఎక్కం చదివినట్టుంటుంది."

ఇప్పుడు పక్క బెంచీలోంచి వసపిట్టే లేచింది. తర్వాత వంతు మూగనోముది. తల్లి తనకు కుట్టుమిషను నేర్పిన సంగతి చెబుతానని వసపిట్ట ముందే చెప్పి ఉంది. గొంతు సవరించుకుని, "మా అమ్మ..." అని మొదలుపెట్టింది.

"అందరి నాన్నలూ వచ్చారు, మీ నాన్న రాలేదేం వసపిట్టా?" వెనక బెంచీ నుంచి ఒకడు అందుకున్నాడు. వాణ్ణి లౌడుస్పీకరు అంటారు. "ఇంకా పొరుగూళ్ళో గోడలకి రంగులేస్తూనే ఉన్నాడా? అదేం గోడరా బాబూ, చైనా గోడా?"

గది గొల్లుమంది. మాస్టారు బల్ల మీద తట్టాడు. మూగనోము మాత్రం నవ్వలేదు. రంగులేసే ఆ మనిషి ఇల్లు విడిచి వెళ్ళాడనీ, ఇక రాడనీ ఆ బడిలో తనొక్కదానికే తెలుసు. వెనక బల్ల మీద తన తండ్రికీ తెలుసు.

వసపిట్ట నవ్వులు ఆగేదాకా నిలబడింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మా నాన్న గురించే చెబుతాను," అంది. "చిన్నప్పుడు నేను లిఫ్టులో ఇరుక్కుపోయాను."

మూగనోముకి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. మాట పొల్లు పోకుండా తన కథే. కరెంటు పోవడం, చీకటి, తలుపు సందు. వేళ్ళు పెట్టాడు అన్న చోట వసపిట్ట ఆగింది కూడా. గదిలో ఫ్యాను చప్పుడు ఒక్కటే వినిపించింది. ముందు వరసలో ఒక తల్లి కళ్ళొత్తుకుంది.

మూగనోము వెనక్కి తిరిగి చూసింది. నాన్న తల వంచుకుని ఉన్నాడు. డబ్బా మీదున్న రెండు చేతులూ మెల్లగా డబ్బా కిందికి జారాయి.

చప్పట్లు మోగాయి. లౌడుస్పీకరు కూడా కొట్టాడు. ప్రశ్న వెయ్యాలని ఎవరికీ తోచలేదు. వసపిట్ట ఎవరి వంకా చూడకుండా కూర్చుంది.

"తర్వాత నువ్వే," అన్నాడు మాస్టారు.

మూగనోము లేచి మాస్టారి బల్ల దాకా నడిచింది. దొంగ అన్న ఒక్క మాట చాలు. నాన్నని చూపిస్తే చాలు. తన కథ తనకొచ్చేస్తుంది. వసపిట్టని మాస్టారు అక్కడే లేపుతాడు, ఆ వెంటనే లౌడుస్పీకరు రెండో ప్రశ్న వేస్తాడు, మరి మీ నాన్నేడీ అని. అనకపోతే తన దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. మళ్ళీ సుద్దముక్క నలుపుకోవడమే.

"మూగనోము పట్టేసిందిరోయ్," ఎవరో గొణిగారు.

ఆమె వసపిట్ట వైపు చూసింది. కోపంతో చూసింది. ఆ పిల్ల తలెత్తి, దెబ్బ కోసం కాచుకున్నట్టు, రెప్ప వెయ్యకుండా తిరిగి చూసింది. ఆనాడు లిఫ్టు చీకట్లో ఆ చూపు తనకు కనబడలేదు గానీ, పక్కన ఆ ఒంటి వెచ్చదనం మాత్రం ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఎలా మరిచిపోయింది? మరిచిపోలేదు, తీసేసింది. ఒంటరిగా ఉన్నానంటే కథ రక్తి కడుతుందని, మెట్ల మీద మొదటి రోజే తీసేసింది. వసపిట్ట ఎదురుగా కూర్చుని ఆ అబద్ధాన్ని రోజూ వింది. ఒక్కనాడూ మాటాడలేదు.

"ఆ లిఫ్టులో నేనూ ఉన్నాను," అంది మూగనోము.

గొంతు కీచుగా వచ్చింది. మాస్టారు కుర్చీలో ముందుకి వంగాడు.

"ఇద్దరం ఉన్నాం. నేను ఏడుస్తున్నాను. ఇది ఏడవలేదు. బయటినుంచి మాట వినబడుతోంది. తాడు ఒకటి తెగినా మిగతావి మోస్తాయమ్మా, లిఫ్టు కింద పడదమ్మా అని. ఎవరున్నారు, ఎలా ఉన్నారు అని అడిగితే నాకు నోరు రాలేదు. అన్నిటికీ ఇదే జవాబు చెప్పింది. నా పేరు కూడా ఇదే చెప్పింది. ఇది మాట్లాడింది కాబట్టే బయట మాట ఆగలేదు." ఆమె ఊపిరి తీసుకుంది. "సందులోంచి రెండు వేళ్ళు వచ్చాయి. చెరొకటి పట్టుకున్నాం. ఇంట్లో వల్లించినప్పుడు రెండూ నావే అని చెప్పుకున్నాను. అది తప్పు."

లౌడుస్పీకరు చెయ్యెత్తాడు. వాడికి ఇందులో ఏదో మెలిక తగిలింది.

"ఇంతకీ ఆ వేళ్ళు ఎవరి నాన్నవి?"

వసపిట్ట బెంచీ అంచుని పట్టుకుంది. మూగనోము తండ్రి కూర్చున్న వెనక గోడ వైపు చూడలేదు. చూస్తే అందరూ చూస్తారు.

"చీకటి కదా," అంది. "మాకు వేళ్ళే తెలిశాయి."

"తలుపు తీశాక చూసుంటారుగా?"

"అది రెండో ప్రశ్న," అన్నాడు మాస్టారు. ఆయన కళ్ళు లౌడుస్పీకరు మీద లేవు. వెనక బల్ల మీద, ఒళ్ళో డబ్బా పెట్టుకుని చేతులు కనబడకుండా కూర్చున్న మనిషి మీద ఒక్క క్షణం ఆగి తిరిగొచ్చాయి. "ఆమె కాళ్ళు వణకడం లేదు. ఇక చాలు. కూర్చో అమ్మా. వచ్చే వారం నిన్నే ముందు లేపుతాను." తర్వాత వసపిట్ట వైపు తిరిగి, గొంతు తగ్గించి, "మీ అమ్మ సంగతి మధ్యలో ఆగిపోయింది. అదీ వచ్చే వారమే," అన్నాడు.

వసపిట్ట తలూపింది. ఆ పిల్ల నోట మాట రాకపోవడం ఆ తరగతి చూడటం అదే మొదటిసారి.

మధ్యాహ్నం గంట కొట్టాక మెకానిక్ వరండా గట్టు మీద కూర్చుని డబ్బా విప్పాడు. కూతురు పక్కన కూర్చుంది. వసపిట్ట తల దించుకుని వాళ్ళని దాటిపోబోయింది.

"రా," అన్నాడాయన.

"ఆకలి లేదు బాబాయ్."

ఆయన కొంచెం జరిగి రెండో పక్క చోటిచ్చాడు. వసపిట్ట వచ్చి అంచున కూర్చుంది. "ఒసేయ్, నేను..." అని మొదలుపెట్టింది.

"ఇంటికెళ్ళాక తిడతాను," అంది మూగనోము. "ఇప్పుడు తిను."

ఆయన అన్నం మూడు పాళ్ళు చేసి, కూర ఇద్దరి వైపూ తోశాడు. ముగ్గురూ తలలు వంచుకుని, డబ్బా అడుగు కనబడేదాకా తిన్నారు.