విప్పని మూట

"రేపు పోత బిడ్డా," అన్నాడు బాలనర్సయ్య.

ఎనిమిది నెలలుగా ప్రతి పొద్దునా వింటున్న మాటే. కనకలక్ష్మి గుడ్డను వేడినీళ్ళలో ముంచి, పిండి, తండ్రి వీపు తుడుస్తూ, "పోదువు గని, జర చెయ్యెత్తు నాయినా," అంది. ఆయన చెయ్యెత్తాడు. అంతమాత్రానికే ఆయాసం ముంచుకొచ్చింది. నలభై ఏళ్ళు రాళ్ళు కొట్టిన మనిషి. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పేరుకుందనీ, దవాఖానలో చేర్చి నెల రోజులన్నా ఆక్సిజన్ పెట్టకపోతే ఈ వానాకాలం దాటడనీ డాక్టర్ చెప్పి పదిహేను రోజులైంది. ఆయనకు ఆ సంగతి చెప్పలేదు. చెప్పినా ఏమంటాడు, రేపు పోత గదా అంటాడు.

ఆ పోవడం ఎక్కడికో ఆయనకూ తెలియదు. పోయిన దసరా ముందు కొడుకు ప్రగతి నగర్ నుంచి ఆటోలో తెచ్చి, "అక్కా, మా ఇంట్ల సున్నాలేస్తున్నరు, నాయినను రెండు దినాలుంచుకో," అని ఖాజాగూడలోని ఈ రెండు గదుల ఇంటి వసారాలో దింపిపోయాడు. ఆ కొడుకు కొంపకు ఎనిమిది నెలలు సున్నం వేస్తారా అంటే వేస్తారు మరి, తండ్రిని మళ్ళీ తెచ్చుకోవాల్సి వస్తుందని భయపడేవాళ్ళు చార్మినారుకు వేసినంత తాపీగా వేస్తారు. వచ్చిన రోజే ముసలాయన తన బట్టల మూటను వసారా గోడకున్న కొయ్యమేకుకు తగిలించాడు. "బిడ్డ ఇంటికి సుట్టంగ రావాలె, ఒక పూట తినాలె, పోవాలె. గాడనే పాతుకుంటే మొగోని పుట్టుక గాదు," అన్నాడు. మూట విప్పలేదు, విప్పనియ్యలేదు. అల్లుడి పాత లుంగీలే కట్టుకున్నాడు. లోపల మంచం వేస్తానంటే వద్దన్నాడు. ఎండాకాలంలో ఒక కందిరీగ మాత్రం ఆ మూట చుట్టూ తిరిగి తిరిగి పోతుండేది. కనకలక్ష్మి చీపురు ఎత్తితే అత్త సీతాబాయి, "పోనీ తియ్, దాని పని అది చేసుకుంటది," అనేది.

ఎవరి పని వాళ్ళు చేసుకోవడమంటే ఆ ఇంట్లో ఒక్క మనిషే అందరి పనీ చెయ్యడం. మామూలు ఇంటి పని ఆగకుండా చేసుకుంటే తండ్రిని చూసుకోవడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. భర్త ఓంకార్ నీళ్ళ ట్యాంకర్ నడుపుతాడు. "మీ నాయిన్ని సూడొద్దని నేనెన్నడన్న అన్ననా? తిండి టైముకు రావాలె, గంతే," అంటాడు. "నా మోకాళ్ళకు నూనె రాసుడు మాత్రం మర్వకే," అంటుంది సీతాబాయి. ఎంత మంచివాళ్ళో చూడండి, ఒక్కరూ వద్దనరు. ఒక్కరూ ఆ తడిగుడ్డ ముట్టుకోరు.

తండ్రికి గంజి తాగించి, అన్నం వండి, అత్తకు నూనె రాసి, సెవెన్ సీటర్ ఆటోలో నలిగి కనకలక్ష్మి మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల మేడకు చేరేది. అక్కడ నేల తుడిచే పని ఆమెది. ఇంట్లో తుడవడం, ఇక్కడ తుడవడం, ఇల్లు అలకగానే పండగ కాదని పెద్దలు ఊరికే అనలేదు, ఆమెకు పండగ ఎక్కడా రాలేదు. కానీ ఆ నల్లటి గ్రానైటు నేల అంటే ఆమెకేదో ఇష్టం. తడి మాపు వేసి లాగితే అందులో ఆకాశం కనిపించేది. నిద్ర చాలని కళ్ళకు ఆ నేల నీళ్ళలా ఊగేది. మబ్బులు తన కాళ్ళ కింద నుంచి పోతుండేవి. వాటి కింద ఎక్కడో, చాలా లోతులో, తండ్రి సుత్తి చప్పుడు. టంగ్, టంగ్. చిన్నప్పుడు బండ మీద చెవి పెట్టించి, "ఇను బిడ్డా, పగిలే జాగ రాయే చెప్తది, మనం ఆగి ఇనాలె," అనేవాడు. ఆమె ఆగి వినేది, మాపు కర్ర పట్టుకుని, నిలబడే కలలోకి జారిపోతూ. ఆ కలలో ఒక గది ఉండేది. తెల్లటి పరుపు, కిటికీ, నెమ్మదిగా ఊపిరి తీసుకుంటున్న నాయిన. పక్కన నేల మీద తను పడుకుని ఉండేది. ఎవరూ తనను ఏమీ అడిగేవాళ్ళు కాదు. రాయి దూదిలా మెత్తగా ఉండేది. "కనకమ్మా, లిఫ్టు దగ్గర చాయ్ ఒలికింది," అని ఎవరో పిలిచేదాకా ఆమె అక్కడే ఉండేది.

ఆ గదికి దారి చూపించింది తోటి పనామె కమలమ్మ. "జీతంల కోస్తున్నరు గదనే, నీకు బీమా కార్డున్నది. నాయిన నీ మీదనే బతుకుతున్నడని రుజువు చేస్తే ఆయన పేరు గూడ కార్డుల ఎక్కుతది. ఆక్సిజన్, మందులు, మంచం అన్నీ దవాఖానోల్లే ఇస్తరు. ఫికర్ చెయ్యకు, కాయితం పెట్టు."

పెట్టింది. ఆ రాత్రి భోజనాల దగ్గర చెబితే ఓంకార్ ముద్ద ఆపాడు. "కొడుకుండంగ బిడ్డ కార్డుల అయ్య పేరా? నలుగురింటే నవ్వరా?" వసారాలోంచి తండ్రి గొంతు అల్లుడికే వత్తాసు పలికింది. "నిజమే గదా బిడ్డా. నాకేం కర్మ." ఒకరి మొహం ఒకరు సరిగ్గా చూసుకోని మామా అల్లుళ్ళు ఆ ఒక్క మాట మీద ఎంత చక్కగా కలిశారో! ఆమెకు నవ్వొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది.

ఆమెకు సెలవని ఆదివారమే చూసుకుని, పదకొండింటికి విచారణకు బీమా ఆఫీసు గుమస్తా వచ్చాడు. పేరు యజ్ఞనారాయణ, కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. గొడుగు మడిచి, "ఏమనుకోకండమ్మా, రూలు ప్రకారం రెండు ప్రశ్నలు అడిగి వెళ్ళిపోతాను," అన్నాడు. వసారాలో బాలనర్సయ్య ఎదుట కూర్చుని ఫైలు తెరిచాడు.

"పెద్దాయనా, మీరు ఈ ఇంట్లో ఎన్నాళ్ళ నుంచి ఉంటున్నారండి?"

ముసలాయన వెన్ను నిటారు చేసుకున్నాడు. ఎన్నో నెలల తర్వాత అంత నిటారుగా కూర్చోవడం అదే మొదలు. "నిన్ననే వచ్చిన సారూ. రేపు పోత."

కనకలక్ష్మి చేతిలో చాయ్ గ్లాసు ఆగిపోయింది.

"మరి మిమ్మల్ని పోషించేది ఎవరండి?"

"నాకు కొడుకున్నడు సారూ. మారాజు లెక్క సూసుకుంటడు. బిడ్డ ఇంట్ల తినే గతి నాకింకా పట్టలే." అని దగ్గాడు. ఆ దగ్గుకు కళ్ళలో నీళ్ళు తిరిగినా తల మాత్రం వంచలేదు.

గుమస్తా కలం మూత తీశాడు. "అయితే ఇది కుదరదమ్మా. ఆయనే అంటున్నారు కదా," అన్నాడు, నొచ్చుకుంటూనే. గడప దగ్గర నిలబడ్డ ఓంకార్, "అగో, నేను చెప్పలే?" అన్నాడు.

అంతా దూరంగా వినిపించింది ఆమెకు. కాళ్ళ కింద మబ్బులు కదులుతున్నట్టే ఉంది. తెల్లటి పరుపు, కిటికీ, ఒక్కొక్కటీ నీళ్ళలో కరిగిపోతున్నాయి. తండ్రి మీద కోపం వచ్చింది, జన్మలో మొదటిసారి. నీ పరువు దాచడానికి నీ ఊపిరి పోగొట్టుకుంటావా? ఎవరి ముందర పరువు? ఎనిమిది నెలలు నీ ఉమ్మెత్తిన చెయ్యి నీకు కనిపించలేదా? కొడుకు పేరు చెబితే నోరు తియ్యగా ఉంటుంది, బిడ్డ పేరు చెబితే నోరు పడిపోతుందా? ఆమె ఆగింది. ఆగి, విన్నది. పగిలే జాగ ఎక్కడో తెలిసింది.

చాయ్ గ్లాసు కింద పెట్టి కొయ్యమేకు దగ్గరకు వెళ్ళింది. "వద్దు బిడ్డా!" అని తండ్రి చెయ్యి చాపాడు. ఆమె మూటను తీసి గుమస్తా ఒళ్ళో ఉన్న ఫైలు మీద పెట్టింది. గోడ వైపు ఉన్న ముడి మీద, రెండు కొసలనూ కలుపుతూ, పిడికెడంత మట్టిగూడు. ఎండి గట్టిపడిపోయింది. దానికి మూడు బొక్కలు. లోపలి పిల్లలు ఎప్పుడో రెక్కలొచ్చి ఎగిరిపోయాయి.

"సార్, నిన్న వచ్చిన మూట మీద కందిరీగ గూడు కట్టి, పిల్లల్ని చేసి, ఎగిరిపోయింది. దాని మాట నమ్ముతరా, మా నాయిన మాట నమ్ముతరా?"

యజ్ఞనారాయణ కళ్ళజోడు సర్దుకుని గూడును వేలితో తట్టి చూశాడు. పాత కాగితం చింపి కొత్తది తీశాడు.

బాలనర్సయ్య తల వాలిపోయింది. "నా ఇజ్జత్ తీసినవు గదనే," అన్నాడు సన్నగా.

కనకలక్ష్మి ఆయన ముందు కింద కూర్చుంది. "నాయినా, నువ్వు ఎనిమిది నెలల సంది గీ ఇంట్ల సుట్టానివి. నేను పద్దెనిమిదేండ్ల సంది సుట్టాన్నే. ఉంటే ఉండు, పోతే పో అని రోజూ అనిపించుకుంట వండి పెడుతున్న. ఇగ నాతోని గాదు. నువ్వు సస్తే నేనెవలి దగ్గర కూసోవాలె?" ఆమె ఏడ్చింది, దాచుకోకుండా, పరాయి మనిషి ముందరే.

గుమస్తా మూటను పక్కన పెట్టి, కొత్త కాగితాన్ని ఫైలు మీద పరుచుకున్నాడు. తర్వాత అడిగాడు. "కుటుంబ యజమాని పేరు చెప్పండమ్మా."

ఓంకార్ గొంతు సవరించుకున్నాడు, తన పేరు చెప్పడానికి.

"కనకలక్ష్మి," అంది ఆమె. "ఇంటి కిరాయి నాది, పొయ్యి నాది, కార్డు నాది. రాసుకోండి సార్."

లోపల సీతాబాయి మంచం కిర్రుమంది. కలం కాగితం మీద నడిచిన చప్పుడు ఆమెకు స్పష్టంగా వినిపించింది. తండ్రి ఎడమ చేతిని తన చేతిలోకి తీసుకుంది. సిరా పూసిన బొటనవేలు కాగితం మీద ఒత్తింది. అరిగిపోయిన వేలు, గీతలు అంతంత మాత్రం. ఆ మసక మరకే చాలునన్నాడు గుమస్తా. బుధవారం దవాఖానకు తీసుకురమ్మని చెప్పి, గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు.

"ఇంటికి పెద్దవైనవన్నట్టు," అన్నాడు ఓంకార్ గడప మీద నుంచే.

"అయిన. రేపు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి బియ్యం కడిగి పెట్టు," అంది ఆమె మామూలుగా, అంతకుముందు వందసార్లు చెప్పినట్టు.

మూట విప్పింది. గూడు పొడి పొడిగా రాలింది. లోపల రెండు ధోవతులు, ఒక అంగీ, అడుగున చిన్న సుత్తి. ముక్కిన వాసన వేస్తున్న ధోవతులను ఉతికి, దండెం మీద తన డ్యూటీ చీర పక్కన ఆరేసింది. తొలకరి గాలికి అవి మూడూ కలిసి ఊగుతుంటే, రాళ్ళ గుట్టల మీదుగా మబ్బులు పోతుంటే, ఆమె కాసేపు అలా నిలబడి చూసింది. ఎవరూ పిలవలేదు.

మరునాడు పొద్దున వీపు తుడుస్తుంటే బాలనర్సయ్య చెయ్యెత్తమనకముందే ఎత్తాడు. నోటికి అలవాటైన మాట పెదాల దాకా వచ్చి ఆగినట్టుంది.

"బిడ్డా," అన్నాడు చివరికి, "లోపలెక్కడన్న జాగ ఉంటే నా మంచమెయ్యి."